ఫిలిప్పీన్స్ వాళ్ళకి సొంతమంటూ ఏముందని మా బాబాయి అడిగాడు, నేను నోరెత్తలేకపోయా

బ్రోడీపేట_కుర్రోడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నేను ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదివి ఈ మధ్యే గుంటూరు వచ్చేశా. కరోనా పుణ్యమా అని ఏడాదిన్నర ఇక్కడి నుంచే ఆన్‌లైన్ క్లాసులు విన్నా గానీ మిగతా నాలుగున్నరేళ్ళు అక్కడ ఒకే ఇంట్లో అద్దెకున్నా. ఇప్పుడు బ్రోడీపేటలో రూము తీసుకుని, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షతో కుస్తీ పడుతున్నా. పోయిన ఆదివారం లక్ష్మీపురంలో మా చుట్టాల గృహప్రవేశం. బంతిలో మా బాబాయి నా పక్కనే కూర్చున్నాడు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ మొదలుపెట్టాడు. "ఏరా, అన్నేళ్ళున్నావ్ కదా, అసలు వాళ్ళకి సొంతమంటూ ఏముందిరా? దేశం పేరు స్పెయిన్ రాజుది. ఇంటిపేర్లు స్పెయిన్‌వి. మతం స్పెయిన్ వాళ్ళిచ్చింది, ఇంగ్లీషు అమెరికా వాళ్ళిచ్చింది. పెళ్ళికి అద్దె కోటు తెచ్చుకున్నట్టు లేదూ?" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది గానీ పెరుగన్నం దాకా ఒక్క మాటా తట్టలేదు. ఎందుకంటే ఆయన చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ దేశం పేరు నిజంగానే స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌ది.

కానీ నేను కళ్ళారా చూసింది వేరు. మా ఇంటి ఓనరమ్మని ఆతే అని పిలిచేవాణ్ణి, ఆతే అంటే మన అక్క. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో కార్లోస్ యూలో వరసగా రెండు రోజుల్లో రెండు బంగారు పతకాలు కొట్టాడు కదా, ఆ రెండో రాత్రి పదింటప్పుడు ఆవిడ మేడ మీదకి పరిగెత్తుకొచ్చి మా ముగ్గురు తెలుగోళ్ళ తలుపులూ బాదేసింది, ఏడుస్తోంది, ఎవరో పోయారేమో అనుకున్నాం! వాళ్ళ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ బంగారం వచ్చిందే అంతకు మూడేళ్ళ ముందు, వెయిట్ లిఫ్టింగ్‌లో హిడిలిన్ డియాజ్ తెచ్చింది. ఆవిడ ఫొటో ఇప్పటికీ మా ఆతే ఫ్రిజ్ మీద, ఏసుప్రభువు పక్కన ఉంటుంది.

మళ్ళీ అదే ఆతే కూతురికి రోజూ బొప్పాయి సబ్బు ఇచ్చి, తెల్లబడాలి ఎండలోకి పోకు అంటుంది. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడమంటుంది. నర్సింగ్ అవ్వగానే కెనడా పంపించేస్తానని చుట్టుపక్కలంతా చెప్పుకుంటుంది. దేశమంటే అంత ప్రాణమైతే పిల్లని పంపేయాలని అంత తొందరెందుకు? ఆ ఏడుపు నిజమా, ఈ తొందర నిజమా? బాబాయికి జవాబు తర్వాత, ముందు నాకే అర్థం కావట్లేదు. వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

పటమట_సిస్టర్:

తమ్ముడూ, నేను విజయవాడ పటమట అమ్మాయిని, గల్ఫ్‌లో నర్సుగా పదకొండేళ్ళు చేసి వచ్చాను. మా ఐసీయూలో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్ళే. కొత్తలో నాకు నైట్ డ్యూటీలో అన్నం పెట్టింది వాళ్ళు, మన వాళ్ళు కాదు, ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు.

ఆ ఏడుపూ నిజమే, ఆ తొందరా నిజమే. రెండూ ఒకే ఇంట్లో పుట్టినవి. అక్కడ 1974లో అధ్యక్షుడు మార్కోస్ కాలంలో కార్మిక చట్టం తెచ్చి, మనుషుల్ని బయటి దేశాలకి పనికి పంపడాన్ని ప్రభుత్వమే ఒక పద్ధతిగా పెట్టుకుంది. మొదట్లో తాత్కాలికం అనుకున్నది యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు కోటి మంది దాకా బయటే ఉన్నారు, వాళ్ళు ఏటా ఇంటికి పంపే డబ్బు 3 వేల కోట్ల డాలర్లు దాటుతోంది. 1988లో అప్పటి అధ్యక్షురాలు కొరజోన్ అకీనో వీళ్ళని కొత్త వీరులు అన్నారు, వాళ్ళ భాషలో బగోంగ్ బయానీ. మా వార్డులో నాతో పాటు చేసిన ఒకామెకి ఆ మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఊళ్ళోనే సరైన జీతం ఉంటే వీరనారి అవ్వాల్సిన ఖర్మ నాకేంటి, నా కొడుకు మొదటి అడుగు ఫోన్‌లో చూశాను అనేది. అలా తిట్టుకుంటూనే జూన్ 12 వాళ్ళ స్వాతంత్ర్య దినం వస్తే బుగ్గ మీద జెండా వేసుకుని డ్యూటీకి వచ్చేది.

బయట ఉన్నప్పుడు వాళ్ళకొక మాట ఉంది, కబాయాన్. మన ఊరివాడు, మన దేశంవాడు అని. లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాడు ఎదురైనా కబాయాన్ అనే పలకరింపు, ఆ వెంటనే ఎక్కడ అద్దె తక్కువ, ఏ ఏజెంటు దొంగ అన్న సమాచారం. సెప్టెంబరు ఒకటో తారీకు నుంచే నర్సుల రూములో క్రిస్మస్ పాటలు మొదలు, నాలుగు నెలలు! మాకు చెవులు చిల్లులు పడేవి. ఇక ఆ అట్టపెట్టె. బలిక్‌బాయన్ బాక్స్ అంటారు. మంచం కింద ఒకటి ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉంటుంది. జీతం వచ్చినప్పుడల్లా ఒక సబ్బు, ఒక చాక్లెట్ డబ్బా, పిల్లలకి బూట్లు, టిన్ను మాంసం, అలా నింపుతూ నింపుతూ నిండాక టేపులు చుట్టి ఓడ మీద పంపిస్తారు. అది చేరడానికి నెలలు. ఆ పెట్టె సర్దుతున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి తమ్ముడూ. మా అమ్మ బీసెంట్ రోడ్డులో కొన్న చీరలో గోంగూర సీసా చుట్టి పంపేది కదా, అదే మొహం.

అమెరికాలో కరోనా మొదటి నెలల లెక్క తెలుసా? అక్కడి నర్సుల్లో ఫిలిప్పీన్స్ మూలాలున్నవాళ్ళు 4 శాతమే, చనిపోయిన నర్సుల్లో మాత్రం దాదాపు మూడో వంతు. ఎక్కువ మంది ఐసీయూల్లో, మంచాల పక్కనే ఉండే డ్యూటీల్లో ఉండటం వల్ల. మీ బాబాయిగారి అద్దె కోటు మాట గుర్తొస్తే నాకు ఇదే గుర్తొస్తోంది.

---

మిర్చియార్డు_గోపి:

మిరపకాయ ఎక్కడిదో మీ బాబాయిని అడుగు బ్రో. పోర్చుగీసు వాళ్ళు తేకముందు గుంటూరు కారం లేదు.

---

బెంజిసర్కిల్_నైట్‌షిఫ్ట్:

గోపీ, పంచ్ బాగుంది గానీ లెక్క కుదరలేదు. మిరపకాయని మనం ఇష్టపడి పెంచుకున్నాం. ఇంటిపేర్లు వాళ్ళ మీద రుద్దారు. రెండూ ఒకటి కాదు.

నేను మనీలా టీమ్‌తో మూడేళ్ళు పనిచేశా. సిస్టర్ గారి మాట కాదనను, మనుషులు బంగారం. కానీ ఆ ప్రైడ్ అనేదాన్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు, అందులో సగం ఫోన్‌లో కామెంట్లు పెట్టేంత చవక సరుకు. ఎవడో తెల్లోడు బలూట్, అంటే పిండం ఉన్న బాతుగుడ్డు ఉడకబెట్టింది, తిని ఆహా అన్నాడంటే కింద లక్షల మంది జెండాలు పెడతారు. దీన్ని పట్టుకుని బతికే యూట్యూబర్లు ఎంతమందో, ఫిలిప్పీన్స్ వాళ్ళే దానికి పినోయ్ బెయిటింగ్, అంటే తమకి గాలం వెయ్యడం, అని పేరు పెట్టి వెక్కిరించుకుంటారు. మిస్ యూనివర్స్ సంగతి చూడండి. 2015లో పియా వుర్ట్‌జ్‌బాక్, నాన్న జర్మన్. అదే, యాంకర్ పొరపాటున కొలంబియా అమ్మాయి పేరు చదివేసి తర్వాత కిరీటం మార్చిన ఏడాది. 2018లో కాత్రియోనా గ్రే, నాన్న ఆస్ట్రేలియా. గెలిస్తే మా పిల్ల. అదే రంగు తక్కువగా, ముక్కు చప్పిడిగా ఉన్న అమ్మాయికి అక్కడ సోపు యాడ్‌లో చాన్స్ వస్తుందా? మా టీమ్ లీడే ఒకసారి ఈ మాట అని, ఇది నేనన్నట్టు ఎవరికీ చెప్పకు అంది.

మన తక్కువేం లేదులెండి. అమెరికా ఉపాధ్యక్షుడి భార్య మూలాలు పశ్చిమ గోదావరిలో ఉన్నాయని తెలిసినప్పుడు మన టీవీలు ఆ ఊరికి ఎన్ని బళ్ళు పంపాయి? ఆవిడ పుట్టింది కాలిఫోర్నియాలో. పెళ్ళి ప్రకటనల్లో తెల్లగా, పొడుగ్గా, నాజూగ్గా అని ఇచ్చేదీ మనమే. అందుకే అంటున్నా, తమ్ముడి బాబాయికీ ఆ ఆతేకీ తేడా ఏమీ లేదు, ఆవిడకి ఒలింపిక్స్, ఈయనకి బంతి భోజనం.

---

సత్తెనపల్లి_మాస్టారు:

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త సాగుతుంది, క్షమించాలి.

ఇంటిపేర్ల గురించి నైట్‌షిఫ్ట్ బాబు చెప్పింది కరెక్టు. 1849లో క్లవేరియా అనే గవర్నరు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అంతకు ముందు అక్కడ అన్నదమ్ములకే వేరు వేరు ఇంటిపేర్లుండేవి, ఊరంతా ఒకే పునీతుడి పేరు పెట్టుకునేవాళ్ళు, పన్ను వసూలు గుమాస్తాకి ఎవరెవరో తెలిసేది కాదు. దానికి పరిష్కారంగా అక్షర క్రమంలో ఒక పెద్ద ఇంటిపేర్ల జాబితా అచ్చేసి, పేజీలు చించి ఊళ్ళకి పంచారు. అందుకే కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఎక్కువ ఇంటిపేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఆ ఇంటిపేరు చూసి వీళ్ళు స్పెయిన్ వాళ్ళ సంతతి అనుకోకూడదు, అది రెవెన్యూ శాఖ పెట్టిన పేరు.

భాష సంగతి ఇంకా తమాషా. స్పెయిన్ మూడు వందల ముప్పై ఏళ్ళు ఏలినా ఊరి జనానికి స్పానిష్ నేర్పలేదు. పాదిరీలే స్థానిక భాషలు నేర్చుకుని మతం చెప్పారు, స్పానిష్ పై తరగతి వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. దాంతో వందకు పైగా భాషలు బతికాయి. 1898లో అమెరికా 2 కోట్ల డాలర్లిచ్చి ఆ దేశాన్ని స్పెయిన్ దగ్గర కొనుక్కుంది. అప్పటికే జూన్ 12న విప్లవ నాయకుడు అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించేశాడు, ఎవరూ లెక్కచెయ్యలేదు. తర్వాత అమెరికాతో యుద్ధం, ఆ వెనకే బడులు. 1901లో థామస్ అనే ఓడలో అయిదు వందల మంది దాకా టీచర్లు దిగారు. ఇంగ్లీషు అలా వచ్చింది. అదే అమెరికా 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో వెయ్యి మందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషుల్ని తెచ్చి, గుడిసెలు వేసి, జనానికి చూపించింది. 1946లో స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు కూడా తన పండగ రోజు జూలై 4నే ఇచ్చింది. ఆ తారీకు వాళ్ళకి నచ్చలేదు. 1962లో వేడుకని జూన్ 12కి మార్చుకున్నారు. ఒకడు ఇచ్చిన రోజు కాదు, మేము ప్రకటించుకున్న రోజు అని. సిస్టర్ గారి స్నేహితురాలు బుగ్గ మీద జెండా వేసుకునేది ఆ రోజునే.

హోసే రిజాల్ పేరు విని ఉంటావు బాబూ, కంటి డాక్టరు, నీ వృత్తే. ఆయన నవలలు రాసింది స్పానిష్‌లో. 1896 డిసెంబరు 30న ఆయన్ని మనీలాలో కాల్చి చంపింది కూడా ఆ స్పానిష్ చదివిన ప్రభుత్వమే. మరి ఆ భాష ఎవరిది అంటాడు మీ బాబాయి?

ఇంకొకటి, అడక్కపోయినా చెప్తా. 1989లో లగూనా అనే చోట ఒక రాగిరేకు బయటపడింది. శక సంవత్సరం 822, అంటే క్రీస్తు శకం 900. అందులో ఉన్నది ఒక అప్పు రద్దయిందని రాసిచ్చిన పత్రం, మన ప్రామిసరీ నోటు చింపేసినట్టు. లిపి పేరు కవి, జావా వైపు వాడినది, అది పల్లవ లిపి నుంచి వచ్చింది. పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి మన పల్నాడులో మంచికల్లు దగ్గరే దొరికింది. ఇప్పటికీ వాళ్ళు టీచర్ని గురో అంటారు, మొహాన్ని ముఖా, సాక్షిని సక్సీ. చూశారా మనవాళ్ళే నేర్పారు అని దయచేసి ఎవరూ ఎగరకండి. ఆ మాటలు మలయా వర్తకుల నోళ్ళ మీదుగా చాలా చేతులు మారి చేరాయి. నేను చెప్పేదల్లా, స్పెయిన్ రాకముందు అక్కడ ఖాళీ పలక లేదు, అప్పులూ పత్రాలూ రాసుకునే ఊళ్ళున్నాయి.

---

పాలకొండ_పిల్లోడు_ఇన్_బెజవాడ:

అన్నీ చెప్పారు గానీ దవావోలో ఉన్న తమ్ముడు ఒకటి రాయలేదు, రాస్తాడని చూశా. దవావోలో మాట్లాడేది మనీలా వైపు భాష తగలోగ్ కాదు కదా, బిసాయా. 1937లో కేజోన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు జాతీయ భాషకి తగలోగ్‌ని ఆధారం చేశారు, తర్వాత దానికే ఫిలిపినో అని పేరు మార్చారు, బిసాయా వాళ్ళకి ఆ గుర్రు నేటికీ ఉంది. మా ఆఫీసులో బిసాయా మాట్లాడే సెబూ నుంచి వచ్చినాయన ఒకడు చెప్పేవాడు, మనీలా సీరియళ్ళలో పనిమనిషి అంటే చాలు బిసాయా యాస పెట్టేస్తారట.

నేను శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పదేళ్ళుగా బెజవాడలో ఉంటున్నా. నేను నోరు విప్పితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు, సినిమాలో కమెడియన్‌లా భలే మాట్లాడతావ్ అని మెచ్చుకోలు ఒకటి. కృష్ణా గుంటూరు తెలుగు పుస్తకాల్లోకెక్కింది, మాది జోకుల్లోకెక్కింది. కాబట్టి సెబూ ఆయనా నేనూ కాంటీన్‌లో అర నిమిషంలో దోస్తులమైపోయాం. కబాయాన్ అనేది దేశం దాటాకే పుట్టే మాట, ఇంట్లో ఉన్నంతసేపు నువ్వే ఊరు, నీ యాస ఏంటి అనేదే నడుస్తుంది. మన వాళ్ళు దేశం దాటాక కూడా కులానికో సంఘం పెట్టుకుంటారనుకోండి, అది వేరే పోస్టు, నన్ను ఇందులోకి లాగొద్దు.

---

బ్రోడీపేట_కుర్రోడు:

పాలకొండ అన్నా, దొరికిపోయా. నిజమే, మా ఆతే బిసాయానే. నేను క్లాసులో నేర్చుకున్న నాలుగు తగలోగ్ ముక్కలు మాట్లాడితే మొదటి నెలంతా ఇంగ్లీషులోనే జవాబిచ్చేది. మాయోంగ్ బుంతాగ్ అని వాళ్ళ మాటలో శుభోదయం చెప్పిన రోజున ఎండుచేపలు వేయించి పెట్టింది. ఆగస్టులో కదయావాన్ పండగకి దవావో చుట్టూ ఉన్న పదకొండు తెగల వాళ్ళు వాళ్ళ వాళ్ళ బట్టల్లో వస్తారు, అందులో ముస్లిం తెగలూ ఉంటాయి. అంటే బాబాయి అన్న స్పెయిన్ మతం కూడా అందరిదీ కాదు. ఇది బంతిలో గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

నిన్న రాత్రి ఆవిడకి వీడియో కాల్ చేశా. బాబాయి మాట కొంచెం మెత్తగా చేసి చెప్పా. కోపం వస్తుందనుకున్నా, రాలేదు. కూతుర్ని ఎందుకు పంపుతున్నావ్ ఆతే అని కూడా అడిగేశా. ఇల్లు నీదైతే ఎక్కడికైనా వెళ్ళొచ్చు, తాళం నీ దగ్గరే ఉంటుందిగా అంది. అని, మరి మీ అమ్మ నిన్ను సముద్రం దాటించి మా ఊరు ఎందుకు పంపింది అని ఎదురడిగింది. సీటుకి అంత డబ్బు మా దగ్గర లేక అన్నా. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు, వెనక కోడి ఒకటి అరుస్తూనే ఉంది.

కూతురు మధ్యలో ఫోన్‌లోకొచ్చి కుడిచెయ్యి చాపి, మా నాయనమ్మ నా పక్కనే ఉందిగా, ఆవిడకి మానో అంది. పెద్దవాళ్ళ చెయ్యి తీసుకుని నుదుటికి తాకించుకోవడం అన్నమాట, మనం కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు. నాయనమ్మకి ఏమీ అర్థం కాక ఫోన్ మీద అక్షింతలు వేసినట్టు చెయ్యి ఆడించింది. బాబాయికి ఇంకా ఏం చెప్పలేదు. దసరాకి వస్తాడు, మాస్టారు చెప్పిన అప్పు పత్రం కథతో మొదలుపెడతా, ఆయన ఫైనాన్స్ వ్యాపారం చేస్తాడు కాబట్టి చెవి పెడతాడు.

సిస్టర్ గారూ, ఒక చిన్న సాయం. ఆతేకి గోంగూర పచ్చడంటే పిచ్చి. వాళ్ళ సినిగాంగ్ అనే చింతపండు పులుసు పులుపే ఇందులోనూ ఉందట, ఉత్త అన్నంలో కలుపుకుని తినేది. రెండు కిలోలు పంపాలనుకుంటున్నా. సీసాలో అయితే పగులుతుందేమో?

---

పటమట_సిస్టర్:

సీసా వద్దు తమ్ముడూ. పచ్చళ్ళ షాపులోనే విదేశాలకి అని చెప్తే దళసరి కవర్లో పోసి గాలి లేకుండా సీలు వేసిస్తారు, దాని మీద ఇంకో కవరు వేయించు. పైన నూనె తేలేట్టు ఉంటే కారిపోతుంది, గట్టిగా ఉన్నది అడుగు. ఫిలిప్పీన్స్‌కి పచ్చడి తీసుకుంటారో లేదో కొరియర్ వాణ్ణి ముందే కనుక్కో. ఉల్లిపాయ వేసింది మాత్రం పంపకు, దారిలోనే పాడవుతుంది.